మందు పడింది, మేలో లేపండి

కారుకి నిద్ర పట్టాలంటే ముందు దాని కడుపు నిండాలి. అక్టోబరు చివరి శనివారం కొట్టం తలుపులు తీయగానే హాల్వార్ ఈ మాట అంటాడు. ఏటా అంటాడు, ఏటా అందరూ నవ్వుతారు. మాట పాతదే గానీ గొంతు పెద్దది. సరస్సు అవతలి ఒడ్డున పడవలు బోర్లించుకునేవాళ్ళు కూడా ఓసారి తలెత్తి చూస్తారు.

"రండి రండి! ఇది కొట్టం. పేరులోనే ఉంది, ఎవర్నీ కొట్టం!" అంటూ ఆ పొద్దున కూడా గుమ్మంలో నిలబడి, బారుగా వస్తున్న పాత కార్లకి చేతులూపుతూ దారి చూపించాడు. ఒకప్పుడు ఆవులుండే ఆ కొట్టంలో ఇప్పుడు పాత కార్ల సంఘం వాళ్ళ పదకొండు కార్లు చలికాలమంతా పడుకుంటాయి. పన్నెండోది మూలనున్న చిన్న ఆకుపచ్చ సాబ్ కారు. అది సల్మెది. సల్మె సంఘంలో సభ్యురాలు కాదు. కొట్టం తాళాలు ఆవిడ దగ్గరుంటాయి. గాలి ఆడటానికి కిటికీలు తీస్తుంది, ఎలుకల బోనులు చూస్తుంది, కప్పుమీద మంచు పేరుకుంటే దులిపిస్తుంది. అందుకు ప్రతిగా ఆ మూల ఆవిడది. ఎస్తోనియా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆవిడ మాటల్లో ఆ యాస ఇంకా అలాగే ఉంది. బేకరీలో పని గనక తెల్లవారుజామున మూడింటికే లేస్తుంది.

పని హాల్వార్, సల్మె ఇద్దరిదీ. మిగతావాళ్ళు బయట నిప్పుల మీద సాసేజీలు కాల్చుకుంటూ సలహాలిస్తారు.

సల్మె చిన్న గాజు కొలతలో మందు పోసి, కళ్ళకెదురుగా పట్టుకుని గీత చూసి, ట్యాంకులో వంచుతుంది. చలికాలమంతా పెట్రోలు పాడవకుండా ఉంచే మందు అది. ఆ పైన గరాటు పెట్టి క్యాన్లతో పెట్రోలు. అంచు కింద రెండు వేళ్ళు మాత్రం వదిలి నింపుతుంది. ట్యాంకులో ఖాళీ ఉంటే ఆ ఖాళీకి చెమట పడుతుంది. చెమట నీరవుతుంది, నీరు తుప్పవుతుంది.

"తొంభై ఎనిమిదో నంబరు పెట్రోలేనా పోస్తున్నావు?" అని కారు కిందనుంచి అరిచాడు హాల్వార్.

"తొంభై ఎనిమిదే."

"శభాష్. తొంభై అయిదులో సారా ఎక్కువ. కారుకి మందు పడాలి గానీ సారా పడకూడదు!"

బయట నవ్వులు. సంఘం అధ్యక్షుడు స్తూరె ఒక్కడే నవ్వలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు భూములు సర్వే చేసి రిటైరైన మనిషి. గీతకి అటో ఇటో ఏదో ఒక వైపు ఉన్నదే ఆయనకి అర్థమవుతుంది.

కారు కింద వెల్లకిలా పడుకున్న హాల్వార్ చేతులు మాత్రం వేళాకోళమాడవు. ట్యాంకు నుంచి వచ్చే పైపుకున్న క్లిప్పు వదులు చేస్తాడు. పైపు లాగేసి, ట్యాంకు వైపు చెక్క బిరడా కొడతాడు. రెండో కొసని రంపం పెట్రోలు క్యానులో ముంచుతాడు. అడివిలో చెట్లు కోసే రంపాలకి పోసే పెట్రోలది. వాసన రాదు, ఏళ్ళ తరబడి చెడదు. ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు దాంతోనే నడిపిస్తే కార్బొరేటరు నిండా అదే ఉంటుంది. మేలో తాళం తిప్పగానే లేస్తుంది. ఆ తర్వాత బిరడా తీసి, పైపు తొడిగి, క్లిప్పు బిగించాలి. అతను లేచి వెళ్ళాక సల్మె చేత్తో టార్చి పట్టుకుని వంగి, ప్రతి క్లిప్పునీ వేలితో ఒకసారి తడిమి చూస్తుంది. ఎవరూ చెప్పలేదు. అది ఆవిడ అలవాటు.

"తుప్పుకి మందుంది. తప్పుకి లేదు," అన్నాడు హాల్వార్ బోల్టు తుడుస్తూ. ఇది కూడా ఏటా అనేదే.

ప్రతి కారు స్టీరింగుకీ ఒక అట్ట కార్డు వేలాడదీయడం సంఘం ఆచారం. అందులో ఏం చేశారో రాయాలి. హాల్వార్ రాసే కార్డులకి గిరాకీ ఎక్కువ. ఆ ఏడాది అన్ని కార్డుల మీదా ఒకే మాట రాశాడు: ఫుల్లు. మందు పడింది. మేలో లేపండి.

ఆఖరిది స్తూరె నల్ల వోల్వో. సల్మె ట్యాంకు నింపేసింది. హాల్వార్ కింద పడుకుని పైపు తొడిగాడు. క్లిప్పు అందుకుంటుండగా బయటనుంచి పోస్ట్‌మ్యాన్ సిక్స్‌టెన్ కేకేశాడు.

"హాల్వార్! ఇంకొక్క సాసేజీ ఉంది. వస్తావా, కుక్కకి వెయ్యనా?"

"వస్తున్నా! కుక్కకి నా పేరు పెట్టి వేసేస్తావేమో!"

లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. బయటికెళ్ళి సాసేజీ తిన్నాడు, ఆవాల ముద్ద మీసానికి అంటించుకున్నాడు, కార్డు మీద కార్డు రాశాడు, జోకు మీద జోకు వేశాడు. లోపలినుంచి సల్మె ఒకసారి పిలిచింది. "వస్తున్నా" అన్నాడు.

అందరూ కలిసి లోపలికి వచ్చేసరికి సల్మె వోల్వో పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, గోడకి తల ఆనించి నిద్రపోతోంది. ఒళ్ళో టార్చి వెలుగుతూనే ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది.

హాల్వార్ చేతిలో ఇంకో కార్డు మిగిలింది. మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి ఆవిడ కోటు గుండీకి తగిలించాడు. ఫుల్లు. మందు పడింది. మేలో లేపండి.

నవ్వులకి కొట్టం దూలాలు అదిరాయి. సిక్స్‌టెన్ ఫొటో తీసి అప్పటికప్పుడు సంఘం గ్రూపులో పెట్టాడు. సల్మె ఉలిక్కిపడి లేచింది. కార్డు చూసుకుని, చదువుకుని, పెదాలతో కొంచెం నవ్వింది.

"హాల్వార్, ఆ నల్లదానికి..."

"నల్లదానికి నిద్ర పట్టింది తల్లీ! నిన్ను లేపినట్టు దాన్ని లేపకు!"

మళ్ళీ నవ్వులు. సల్మె ఏదో అనబోయి, అతని మొహంలోకి చూసి, సరే అన్నట్టు తలూపింది. దీపాలు ఆర్పారు. తాళం పడింది.

ఆదివారం, ఏటా చలికాలం ముందు చేసేట్టే, ఊళ్ళో గడియారాలన్నిటినీ గంట వెనక్కి తిప్పారు. శనివారాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తిప్పలేదు.

ఆ పొద్దున హాల్వార్ వెళ్ళేసరికి కొట్టం ముందు అగ్నిమాపక బండి ఆగి ఉంది. పెట్రోలు వాసన రోడ్డు దాకా కొడుతోంది. నల్ల వోల్వో కింద గడ్డి తడిసి ముద్దయింది. రాత్రంతా బొట్టు బొట్టుగా పడి, నేల వాలు వెంట పాతకాలపు పేడకాలువలోకి పారింది. ఇద్దరు మనుషులు సంచుల్లోంచి పొడి చల్లి పారలతో ఎత్తుతున్నారు. కొట్టం సొంతదారు రైతు, చేతులు కట్టుకుని, "ఇంకోసారి ఇలా జరిగితే మీ కార్లు మీరు తోలుకుపోండి," అన్నాడు. గట్టిగా అనలేదు, అందుకే అందరికీ భయమేసింది.

ఎవరూ మాట్లాడలేదు. అలాంటి మౌనం హాల్వార్‌కి దురద లాంటిది.

"ఏముంది, కారు కారింది," అన్నాడు.

అగ్నిమాపకం వాళ్ళు కూడా నవ్వారు. రైతు మూతి కూడా కదిలింది. హాల్వార్ ఊపిరి పీల్చుకుని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. చలికి. కుడిచేతి వేళ్ళకి గుండ్రంగా, సన్నగా, పళ్ళున్న రేకు ఒకటి తగిలింది. దాని మీది మర కూడా తగిలింది.

క్లిప్పు.

చెయ్యి బయటికి తీయలేదు. తలెత్తితే ఎదురుగా సల్మె. ఆవిడ అతని మొహం చూడటం లేదు, జేబు చూస్తోంది.

"శనివారం చివరగా ఈ కారు దగ్గర ఎవరున్నారు?" అన్నాడు స్తూరె.

అందరికీ తెలుసు. అందరి ఫోన్లలోనూ ఉంది.

మధ్యాహ్నం ఇంట్లో బంగాళాదుంపలు చల్లారిపోతుంటే హాల్వార్ క్లిప్పుని కంచం పక్కన పెట్టాడు. భార్య గున్‌వోర్ దాన్ని చూసింది, అతన్ని చూసింది.

"ఇదేనా?"

"ఇదే."

"అక్కడే చెప్పకపోయావా?"

"నోరు తెరిచాను. జోకు వచ్చింది."

గున్‌వోర్ ఫోర్కు కింద పెట్టింది. "మంగళవారం మీటింగులో చెప్పు. నవ్వకుండా చెప్పు. చేతులు ఊపకు. నీ మొహమే సగం జోకులా ఉంటుంది, మిగతా సగం అయినా కదలకుండా పెట్టుకో."

రెండు రోజులు అద్దం ముందు సాధన చేశాడు. 'తప్పు నాది.' రెండే రెండు మాటలు. ముప్పై ఏళ్ళుగా మాటలతో గారడీ చేసినవాడికి రెండు మాటల్ని తిన్నగా నిలబెట్టడం ఇంత కష్టమని తెలీదు.

చర్చి పక్కనున్న హాల్లో మీటింగు. దాల్చినచెక్క బన్నులు, కాఫీ. కాఫీ కాచేది సల్మె. ఆ రోజు కూడా ఆవిడే కాచింది. కాచి, ఫ్లాస్కుల పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్ళిపొమ్మనీ అనలేదు.

స్తూరె కాయితం చూసి చదివాడు. పెట్రోలు పని చేస్తూ మైకంలో ఉండటం సంఘానికి ప్రమాదమని, కొట్టం చేజారిపోయే పరిస్థితి వచ్చిందని, అందుచేత తాళాలు తిరిగి తీసుకోవాలని, శనివారంలోగా ఆకుపచ్చ సాబ్‌ని బయటికి పంపాలని.

"నేను తాగను," అంది సల్మె. ఫ్లాస్కు మూత బిగిస్తూ అంది.

"తాగావని మేమెవరం అనలేదు," అన్నాడు స్తూరె మర్యాదగా. "రాసి ఉంది."

ఫోను తిప్పి చూపించాడు. ఫుల్లు. మందు పడింది.

హాల్వార్ లేచాడు. చేతులు పక్కలకి అతికించుకున్నాడు.

"ఆ కార్డు నేను రాశాను."

"తెలుసు. చూసే కదా రాశావు?"

"చూసి కాదు! అది కారు కార్డు. అన్ని కార్లకీ అదే రాశాను. ఆవిడ మూడింటికి లేచిన మనిషి, నిద్రపోయింది. అంతే. పైపు తొడిగింది నేను. క్లిప్పు పెట్టనిది నేను. తప్పు నాది."

సిక్స్‌టెన్ బల్ల మీద చెయ్యి కొట్టాడు.

"తుప్పు నీదా? ఏ కారుదోయ్?"

హాలంతా గొల్లుమంది. హాల్వార్ జేబులోంచి క్లిప్పు తీసి పైకి పట్టుకున్నాడు. అది ఇంకా పెద్ద పొరపాటు. పోయినేడు ఇదే హాల్లో, ఇలాగే నిలబడి, ఇదే ఏడుపు మొహంతో, స్తూరె ట్యాంకులో బఠాణీల సూపు పోశానని వేళాకోళానికి ఒప్పుకున్న మనిషి అతను. ఆ రోజు జేబులోంచి గరిటె తీసి చూపించాడు.

"పోయినేడు గరిటె, ఈ ఏడు క్లిప్పు!" అని ఎవరో అన్నారు. "పై ఏడు ఏం తెస్తావు?"

"నిజం చెబుతున్నాను!" అని అరిచాడు హాల్వార్. అరిస్తే అతని గొంతు మరీ నవ్వొచ్చేలా ఉంటుంది. కళ్ళు తుడుచుకుంటూ, బన్ను పొలమారి దగ్గుతూ, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ నవ్వారు. ఆదివారం నుంచి బిగుసుకుపోయి ఉన్నవాళ్ళు. వాళ్ళకి ఆ నవ్వు ఎంత అవసరమో వాళ్ళ మొహాల్లోనే తెలుస్తోంది.

నవ్వు ఆగాక చేతులెత్తారు. స్తూరె లెక్కపెట్టాడు. సల్మె కోటు జేబులోంచి తాళాలు తీసి బన్నుల పళ్ళెం పక్కన పెట్టింది. ఎవర్నీ కొట్టకుండానే పని అయిపోయింది.

బుధవారం ఉత్తరం రాశాడు. మూడుసార్లు చించాడు. నాలుగోది గ్రూపులో పెట్టాడు. పడీపడీ నవ్వే పసుపు మొహాలు తొమ్మిది వచ్చాయి.

గురువారం స్తూరె ఇంటికి వెళ్ళాడు. ఆ ఊళ్ళో ప్రతి గురువారం బఠాణీల సూపు వండటం ఆచారం, అక్కడా అదే వండారు. తలుపు తీస్తూనే వాసన, ఆ వెనకే స్తూరె మొహంలో మొట్టమొదటిసారి నవ్వు.

"ట్యాంకులో పొయ్యడానికి వచ్చావా?"

"స్తూరె, విను. ఆ క్లిప్పు..."

స్తూరె అతని భుజం మీద చెయ్యి వేశాడు. అంత ఆప్యాయంగా ఆయన ఎవరినీ ముట్టుకోడు. "నువ్వు మంచివాడివి, హాల్వార్. ఆవిడని కాపాడాలని చూస్తున్నావు. సంఘంలో నీ మీద అందరికీ గౌరవం ఉంది. అది నీ మీద, ఆవిడ మీద కాదు. కూర్చో, పాన్‌కేకులు కూడా ఉన్నాయి."

హాల్వార్ కూర్చున్నాడు. తిన్నాడు. ఎందుకు తిన్నావని ఇంటికొచ్చాక గున్‌వోర్ అడిగింది.

శనివారం పొద్దున ఆకుపచ్చ సాబ్ కొట్టం దాటింది. రెండు కిలోమీటర్లు, బేకరీ వెనక పెరడు దాకా. ఆ రెండు కిలోమీటర్లలో కార్బొరేటరులోని రంపం పెట్రోలంతా మండిపోయింది. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. హాల్వార్ క్యాను పట్టుకుని ముందే వచ్చి, బేకరీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల పొయ్యి వేడికి ఇటుకలు వెచ్చగా ఉన్నాయి. ఆకాశం మాత్రం బూడిద రంగులో కిందికి దిగి ఉంది.

సల్మె కారు ఆపి దిగింది. క్యాను చూసింది. అడ్డు చెప్పలేదు.

"నా బండి బయటికి తీసి, నీది నా చోట్లో పెడతాను," అన్నాడు. "స్తూరె కాదంటే కాదననీ."

"నీదీ బయటుంటే రెండూ తుప్పు పడతాయి. ఎవరికి లాభం?" కొలత గాజు తుడిచింది. "పడుకో, కిందకి వెళ్ళు. నేను ట్యాంకు నింపుతాను. రెండు కిలోమీటర్లు తాగింది కదా."

రాళ్ళ మీద గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. క్లిప్పు వదులు చేశాడు, పైపు లాగాడు, బిరడా కొట్టాడు. పైనుంచి గరాటులో పెట్రోలు జారుతున్న చప్పుడు. ఇంజను పది నిమిషాలు నడిచింది. ఆ పది నిమిషాలూ ఇద్దరూ మాట్లాడలేదు. హాల్వార్‌కి పది నిమిషాలు మాట్లాడకపోవడం కొత్త. ఇంజను ఆగింది. పైపు తొడిగాడు. క్లిప్పు పెట్టి బిగించాడు. ఇంకా బిగించాడు.

"చాలు, మర తెగుతుంది," అంది ఆవిడ. ఎప్పుడు వంగిందో, టార్చి వెలుగు అతని చేతి మీద పడుతోంది. వేలు పెట్టి తడిమింది.

అప్పుడు అర్థమైంది హాల్వార్‌కి.

"ఆ రోజు కూడా తడిమి చూశావు కదా," అన్నాడు, కారు కిందనుంచే.

"చూశాను."

"లేదని తెలుసు."

"లేదు. నిన్ను పిలిచాను. వస్తున్నానన్నావు. పైపు తాకితే ఊడుతుందేమోనని పక్కనే కూర్చున్నాను, నువ్వు క్లిప్పు తెస్తావని. నిద్ర పట్టేసింది. లేచాక చెప్పబోయాను. నల్లదానికి నిద్ర పట్టిందన్నావు. పెట్టేశావనుకున్నాను. నువ్వు పని మర్చిపోయే మనిషివి కాదు."

హాల్వార్ కళ్ళ ముందు సాబ్ అడుగు, దాని మీద ఎండిన బురద చుక్కలు. బయటికి రావాలనిపించలేదు.

"మీటింగులో ఎందుకు చెప్పలేదు మరి?"

"నువ్వు చెప్పావు కదా."

"నేను చెబితే నవ్వారు!"

"నేను చెబితే నవ్వను కూడా నవ్వరు," అంది సల్మె. కోపంగా అనలేదు. పిండి కొలత చెప్పినట్టు చెప్పింది.

టార్చి ఆరింది. అతను పాకుతూ బయటికి వచ్చాడు. ఆవిడ కారు మీద టార్పాలిన్ సగం కప్పి, తాడు ముడేస్తోంది. డ్రైవరు తలుపు వైపు మాత్రం వదిలేసింది.

"కార్డు రాసివ్వు," అంది. "నా అక్షరాలు నాకే అర్థం కావు. మేలో చూసుకోవాలి కదా."

జేబులో కార్డులు మిగిలే ఉన్నాయి. కారు బానెట్ మీద పెట్టుకుని పెన్సిలు పట్టుకున్నాడు. ముందు అలవాటుగా 'ఫు' అని రాశాడు. కొట్టేశాడు. ఇంకో కార్డు తీశాడు. నెమ్మదిగా, బడిపిల్లాడిలా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. ట్యాంకు నిండుగా ఉంది. కార్బొరేటరులో మంచి పెట్రోలు ఉంది. క్లిప్పు బిగించి ఉంది. సల్మె తాగలేదు. ఆ రోజు తప్పు నాది. హాల్వార్.

ఆవిడ తీసుకుని చదివింది. తిప్పి వెనక కూడా చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

చాలాసేపు అక్షరాల మీదే చూపు పెట్టింది. తర్వాత తలుపు తీసి స్టీరింగుకి తగిలించింది, బయటికి కనపడేలా తిప్పింది. లోపల పొయ్యి గంట మోగింది. రై రొట్టెలు దించాలి. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. వెళుతూ అతని వైపు తలూపింది. క్షమించినట్టా, సెలవు తీసుకున్నట్టా, లేక ఎవరికైనా ఊపే మామూలు ఊపేనా, హాల్వార్ తేల్చుకోలేకపోయాడు.

మంచు మొదలైంది. ఆ ఏడాదికి అదే మొదటిది. పడుతున్నట్టు కూడా తెలియని మంచు. క్యాను తీసుకుని కదలబోతుంటే బేకరీ వెనక గుమ్మంలోంచి సిక్స్‌టెన్ వచ్చాడు, చంకలో వేడి రొట్టె.

"ఇక్కడున్నావా! ఏమిటిది, ఇక్కడ కూడా కార్డేనా?" కిటికీ అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి లోపలికి చూశాడు. పెదాలు కదుపుతూ చదివాడు. "ట్యాంకు నిండుగా ఉంది... క్లిప్పు బిగించి ఉంది..."

హాల్వార్ కదలకుండా నిలబడ్డాడు. మొహం కదపలేదు. చేతులు ఊపలేదు. గున్‌వోర్ చెప్పినట్టే.

"సల్మె తాగలేదు," అని చదివి సిక్స్‌టెన్ ఆగాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అతని కనుబొమలు ముడిపడ్డాయి. హాల్వార్ వైపు తిరిగాడు.

"ఆ మొహం!" అన్నాడు సిక్స్‌టెన్. "ఆ మొహం ఎలా పెడతావయ్యా బాబూ!" రొట్టె బానెట్ మీద పెట్టి, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే ఫోను తీసి అద్దంలోంచి ఫొటో తీశాడు.

అతను వెళ్ళిపోయాడు. రొట్టె ఉన్న చోట బానెట్ మీద వెచ్చటి గుండ్రటి మచ్చ మిగిలింది, దాని మీద మంచు నిలవలేదు. హాల్వార్ టార్పాలిన్ ఆ పక్కకి కూడా లాగాడు. కార్డు కనపడకుండా పోయింది. తాడు ముడేశాడు. ముడి వదులుగా ఉందేమోనని వేలితో ఒకసారి తడిమి చూశాడు.

జేబులో ఫోను వణకడం మొదలెట్టింది. ఒకటి, రెండు, నాలుగు. నవ్వే మొహాలు వరసగా వచ్చిపడుతున్నాయి. ఆగినట్టే ఆగి మళ్ళీ వస్తున్నాయి. ఫోను వణికిన ప్రతిసారీ పక్కనున్న క్లిప్పుకి తగిలి గలగలమంటోంది.